మొదటి అక్షరము

అనువాదమును వృత్తిగా స్వీకరించినవానిని లోకము సాధారణముగా రెండు ప్రశ్నలడుగును. ఎన్ని భాషలు వచ్చునన్నది మొదటిది. పుటకు ఎంత ఇత్తురన్నది రెండవది. ఇంచుమించు ముప్పది సంవత్సరములుగా హిందీనుండి తెలుగునకును, తెలుగునుండి హిందీకిని గ్రంథములు మార్చుచు కాలము గడపిన నాకు ఈ రెండును అలవాటైపోయినవి. 2018వ సంవత్సరములో నా మేనకోడలు మూడవ ప్రశ్న ఒకటి అడిగినది. దానికి నేనిచ్చిన మొదటి సమాధానము తప్పు. ఆ తప్పును గూర్చియు, దానిని దిద్దుకొనుటకై నేను నేర్చుకొన్న విషయమును గూర్చియు ఇచ్చట వ్రాయుచున్నాను.

మా అక్కగారి కుమార్తె భోపాలులో కాపురమున్నది. అత్తవారిది హిందీ మాటలాడు కుటుంబము. వివాహమైన మూడవ యేట ఆడపిల్ల పుట్టినది. ఎనిమిదవ నెల వచ్చునప్పటికి బిడ్డ పాలిపోయి, పాలు సరిగా త్రాగక, ఏడ్చుటకు కూడ ఓపిక లేనిదైనది. వైద్యులు రక్తము పరీక్షించి తలసేమియా అని తేల్చినారు. పిమ్మట జన్యుపరీక్ష జరిగినది. దాని ఫలితము రెండు పుటల ఇంగ్లీషు కాగితము. అమ్మాయి ఆ పుటలను ఫొటో తీసి నాకు పంపి, వెంటనే ఫోను చేసినది.

"మామయ్యా, ఇందులో ట్రాన్స్‌లేషన్ అని రాశారు. పాపకు ట్రాన్స్‌లేషన్ మొదలే కావడం లేదట. అది మీ పనే కదా. ఏమిటో చెప్పండి."

నవ్వుచు అడుగవలెనని ప్రయత్నించినది గాని గొంతు సహకరింపలేదు.

ఆ రాత్రియే కూర్చుండి, తెలిసిన వైద్యుని సాయముతో ఆ కాగితమునకు సారాంశము వ్రాసినాను. అమ్మాయికై తెలుగున ఒక పుట. అత్తవారికై హిందీలో ఒక పుట. హిందీ పుటలో నా మొదటి వాక్యము ఇట్లున్నది: బిడ్డ జీనులో తల్లి వైపునుండి వచ్చిన ఒక "దోష్" ఉన్నది. రెండవ వాక్యములో, తండ్రి వైపునుండి వచ్చినది మరియొకటి కలదని వ్రాసినాను. మూడవ వాక్యములో, రెండును కలిసినందువలననే వ్యాధి కలిగినదనియు, ఏ ఒక్కదానివలనను కలిగెడిది కాదనియు వివరించినాను. వాక్యములన్నియు సత్యములే. నిఘంటువు ముందుంచుకొని పరీక్షించినను ఒక్క పదము తప్పు కాదు.

రెండు వారములకు అమ్మాయి మరల ఫోను చేసినది. చాలసేపు ఏమియు మాటలాడలేదు. తరువాత మెల్లగా చెప్పినది. అత్తగారు బంధువులెవరితోనో అనుచుండగా తాను విన్నదట: "దోష్ మాఁ కీ ఓర్ సే హై. ఉస్‌కే మామా నే ఖుద్ లిఖ్‌కర్ దియా హై." దోషము తల్లి వైపుదే, ఆమె మేనమామయే స్వయముగా వ్రాసి ఇచ్చినాడు అని. దోషమనగానే అది మన ఇండ్లలో జాతకమునకు ప్రాకును. అప్పటికే అమ్మాయి జాతకమును ఎవరికో చూపుట కూడ జరిగినది.

మొదటి వాక్యము చదివి ఆమె ఆగిపోయినది. కాదు, ఆగిపోలేదు, చదివినది. కాని మొదటి వాక్యము ఏ దారిలో నిలిపినదో ఆ దారిననే తక్కినవన్నియు చదివినది. తప్పు ఆమెది కాదు. ఎచ్చట మొదలుపెట్టవలెనో నాకు తెలియలేదు.

నేను విజ్ఞానశాస్త్రము చదివినవాడను కాను. నా ఎం.ఏ. సాహిత్యమున. అయినను ఆ కాగితములో నా వృత్తి పేరుతోనే ఉన్న ఆ మాటను అర్థము చేసికొనక తప్పదనిపించినది. తరువాతి మూడు నెలలు నా పని ప్రక్కకు పెట్టి దానినే చదివినాను.

మన శరీరములోని ఇంచుమించు ప్రతి కణమునందును డి.ఎన్.ఏ. అను మూలగ్రంథమున్నది. ఆ గ్రంథము కణకేంద్రమను భాండాగారమును విడిచి వెలుపలికి రాదు. కావలసిన అధ్యాయమునకు మాత్రము ప్రతి తయారై బయటికి వచ్చును. ఆ ప్రతియే వార్తాహర ఆర్.ఎన్.ఏ. ఇట్టి వార్తాహరి ఒకటి ఉన్నదని బ్రెన్నర్, జాకబ్, మెసెల్సన్ అను శాస్త్రజ్ఞులు 1961లో ప్రయోగపూర్వకముగా చూపినారు. వెలుపల రైబోసోమను సూక్ష్మయంత్రము దానిని చదివి ప్రోటీనును నిర్మించును. వార్తాహరి భాషకు అక్షరములు నాలుగే: ఎ, యు, జి, సి. ప్రోటీను భాషకు అక్షరములు ఇరువది. అవి ఆమినో ఆమ్లములు. ఒక లిపినుండి మరియొక లిపిలోనికి జరుగు ఈ మార్పునకు శాస్త్రజ్ఞులు అనువాదమని పేరు పెట్టినారు. మన తెలుగు పాఠ్యపుస్తకములును ఆ మాటనే వాడుచున్నవి. అంతవరకు నాకు సంతోషముగానే ఉన్నది.

ఈ అనువాదములో మూడేసి అక్షరములకు ఒక ఆమినో ఆమ్లము చొప్పున లెక్క. ఆ సంగతిని క్రిక్ మొదలగువారు 1961లోనే నిరూపించినారు. కాని మూడక్షరముల పదమునకును మరియొక పదమునకును నడుమ ఎడము లేదు, విరామచిహ్నము లేదు. మన తాళపత్రములను చూచినవారికి ఈ కష్టము తెలియును. ఆకు ఈ కొసనుండి ఆ కొసవరకు అక్షరములు గొలుసుగా పోవుచుండును. పదములు విడదీసికొనుట చదువరి బాధ్యత. "పడవనడిపివచ్చినమనిషి" అని ఎడము లేక వ్రాసినారనుకొందము. మొదటి అక్షరమునుండి మూడేసి చొప్పున విరిచినచో పడవ, నడిపి, వచ్చిన, మనిషి. ఒక్క అక్షరము వదలి రెండవదానినుండి మొదలుపెట్టినచో డవన, డిపివ, చ్చినమ. అక్షరములన్నియు ఉన్నవి, వరుస చెడలేదు, ఒక్కటియు మారలేదు. మనిషి లేడు, పడవయు లేదు.

ఈ విషయమును ప్రయోగశాలలో కండ్లకు కట్టినట్లు చూపినవారిలో మన ఉపఖండమువాడొకడున్నాడు. నేడు పాకిస్థానులో నున్న రాయపూరను పంజాబు గ్రామమున, ఒక పట్వారీ ఇంట 1922లో పుట్టిన హరగోవింద ఖొరానా, తరువాత అమెరికాలో పనిచేయుచు, తానెరిగిన క్రమములో అక్షరములను పేర్చి ఆర్.ఎన్.ఏ. తీగలను తయారుచేసినాడు. ఎ-ఎ-జి, ఎ-ఎ-జి అని ఒకే మూడక్షరములు మరల మరల వచ్చు తీగను రైబోసోములకు అందించినప్పుడు మూడు వేర్వేరు గొలుసులు పుట్టినవి. మొదటి అక్షరమునుండి చదివినచో లైసీను. రెండవదానినుండి చదివినచో అదే తీగ ఎ-జి-ఎ అయి ఆర్జినీను. మూడవదానినుండి చదివినచో జి-ఎ-ఎ అయి గ్లుటామిక్ ఆమ్లము. ఒకే పాఠము, మూడు ఆరంభములు, మూడు అర్థములు. ఈ సంకేతలిపిని ఛేదించినందులకు ఖొరానాకును, నీరెన్‌బర్గునకును, హోలీకిని 1968లో నోబెల్ బహుమతి లభించినది.

ఇందులో ఒక చిత్రమున్నది. నీరెన్‌బర్గు, మత్తేయి అనువారలు 1961లో చేసిన మొదటి ప్రయోగములో తీగ నిండ యు అక్షరమొక్కటే. అందు ఆరంభపదము లేదు. అయినను రైబోసోములు దానిని చదివినవి. కారణము, పరీక్షనాళికలో మెగ్నీషియము లవణము సహజమైన దానికంటె ఎక్కువగా ఉండుట. ఆ లవణము మితిమీరినప్పుడు రైబోసోములు ఎచ్చట బడితే అచ్చట చదువ మొదలుపెట్టును. అనగా పదముల అర్థము ముందు తెలిసినది. చదువుట ఎచ్చట ఆరంభింపవలెనన్న ప్రశ్న ఆ తరువాత వచ్చినది. బ్రతికియున్న కణములో ఇట్టి స్వేచ్ఛ లేదు. అచ్చట ఎచ్చట బడితే అచ్చట మొదలుపెట్టిన పనికిరాని ప్రోటీను పుట్టును.

ఆరంభపదము ఎ-యు-జి. ఇది మెథియొనీనను ఆమినో ఆమ్లమునకు గుర్తు. అయితే అదే ఎ-యు-జి పాఠము మధ్యలో కూడ ఎన్నో పర్యాయములు వచ్చును. అచ్చట అది సామాన్యమైన మెథియొనీను మాత్రమే. చట్రము తప్పి చదివినచో మరికొన్ని ఎ-యు-జిలు కనబడును. వీనిలో ఇదియే మొదలని కణమునకు ఎవరు చెప్పవలెను?

బాక్టీరియాల విషయములో దీనికి సమాధానము ముందుగా దొరికినది. జోన్ స్టైట్స్ అను శాస్త్రజ్ఞురాలు 1969లో ఒక ఉపాయము పన్నినది. రైబోసోము వార్తాహరిపై కూర్చుండి, ఇంకను కదలక ముందే, చుట్టునున్న ఆర్.ఎన్.ఏ. నంతటిని ఎంజైముతో కోయించివేసినది. రైబోసోము క్రింద దాగిన తునక మాత్రము మిగిలినది. ఆ తునకలోని అక్షరములను చదివి, ఆరంభస్థానమెట్లుండునో లోకమునకు చూపినది. 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో జాన్ షైన్, లిన్ డల్గార్నో అను ఇద్దరు, రైబోసోము స్వంత ఆర్.ఎన్.ఏ. కొసను పరిశీలించి, అందు సి-సి-యు-సి-సి అను అక్షరములున్నవని కనుగొన్నారు. వార్తాహరిలో ఆరంభమునకు కొన్ని అక్షరముల ముందు జి-జి-ఎ-జి-జి వంటి వరుస కనబడుచున్నది. జి కి సి, ఎ కి యు జత గదా! ఒకటి తాళము, మరియొకటి తాళపుచెవి. మరుసటి యేడు స్టైట్స్, జేక్స్ ఈ రెండును నిజముగానే జతపడుచున్నవని చూపినారు.

ఇది నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. చదువరి ఖాళీచేతులతో రాడు. గుర్తుపట్టవలసిన దానికి సరిజోడు తనలోనే ఉంచుకొని వచ్చును. మూలములో గుర్తున్నంత మాత్రమున చాలదు. దానికి బదులు పలుకు అక్షరములు చదువరి దేహమునందుండవలెను.

మనవంటి ప్రాణుల పద్ధతి వేరు. దానిని నేను మన పాత ఉత్తరములను తలచుకొని అర్థము చేసికొన్నాను. మా నాన్నగారి కాలమున ఉత్తరమునకు తలయందు "శ్రీ" అని ఉండవలెను. తరువాత ఊరు, తేదీ. తరువాత మహారాజశ్రీ ఫలానా వారికి నమస్కారములు. అన్నియు అయిన పిమ్మట "ఉభయకుశలోపరి" అని వచ్చును. అసలు సంగతి దాని తరువాతనే. చదువువారు పైనుండి కన్ను దింపుకొనుచు వచ్చి, ఉభయకుశలోపరి కనబడగానే అచ్చట నిలిచి, గొంతు సవరించుకొని చదువుట ప్రారంభింతురు.

మన కణములలోని వార్తాహరికి కూడ తలయందు శ్రీకారమువంటి గుర్తొకటి ఉన్నది. అది మిథైలు చేర్చిన జి అక్షరము. తక్కిన అక్షరములవలె వరుసలో గాక, మూడు ఫాస్ఫేట్లతో తలక్రిందుగా అతికింపబడియుండును. దీనిని టోపీ యని శాస్త్రజ్ఞులు వ్యవహరింతురు. న్యూజెర్సీలోని నట్లీలో షాట్కిన్ పరిశోధనశాలవారు, ఈ టోపీ లేనిదే అనువాదము సరిగా సాగదని 1975లో ప్రకటించినారు. ఆ పత్రములో మొదటి పేరు ఎస్. ముత్తుకృష్ణన్. దక్షిణాది చెవికి పరిచితమైన ఆ పేరు అచ్చట కనబడగా కొంత ఆత్మీయత కలిగినది. టోపీని పట్టుకొను ప్రోటీనును సోనెన్‌బర్గు మొదలగువారు 1978లో గుర్తించినారు. ఆ ప్రోటీను తనలోని రెండు ట్రిప్టోఫానుల నడుమ, రెండు అరచేతుల మధ్య పట్టినట్లు, టోపీని పట్టుకొనునని తరువాత తెలిసినది.

టోపీ దొరికినంత మాత్రమున చదువు మొదలుకాదు. రైబోసోము రెండు ఖండములుగా నుండును. చిన్న ఖండము మొదటి మెథియొనీనును ముందే వెంటబెట్టుకొని టోపీయొద్ద దిగును. అచ్చటినుండి ఒక్కొక్క అక్షరమును తడవుకొనుచు, తీగలోని ముడుతలు విప్పించుకొనుచు, ముందునకు నడచును. మొదట ఎదురైన ఎ-యు-జి తగినదిగా తోచినచో నిలుచును. అప్పుడు పెద్ద ఖండము వచ్చి కలియును, అనువాదము మొదలగును. ఈ తడవుకొనుచు నడచు విధమును మెరిలిన్ కొజాక్ 1978లో ప్రతిపాదించినది. తరువాతి సంవత్సరములలో ఆమె మరియొక విషయము స్థిరపరచినది. ఎ-యు-జి ఒంటరిగా గుర్తింపబడదు, దాని ఇరుగుపొరుగును బట్టి గుర్తింపబడును. దానికి మూడు స్థానముల ముందు ఎ గాని జి గాని ఉండి, దాని వెంటనే జి ఉన్నచో రైబోసోము తప్పక నిలుచును. ఇరుగుపొరుగు బలహీనమైనచో కొన్ని రైబోసోములు దానిని దాటిపోవును. వెన్నెముక గల ప్రాణుల వార్తాహరులలో 699 పాఠములు పోల్చి 1987లో ఆమె ఈ సామాన్యక్రమమును వెల్లడించినది.

శ్రీకారము లేకయే చదివించుకొను మాయలమారులును లేకపోలేదు. పోలియో వైరసు ఆర్.ఎన్.ఏ.కు టోపీ లేదు. దానికి బదులు తీగ మధ్యలో ఒక చిక్కుముడి వంటి ఆకారమును నిర్మించుకొని, రైబోసోమును నేరుగా అచ్చటికే దింపుకొనునని 1988లో తెలిసినది. పైగా, టోపీయొద్దకు రైబోసోమును చేర్చు వంతెనవంటి ప్రోటీనునొకదానిని అది కత్తిరించివేయును. అనగా ఇంటివారి ఉత్తరములు చదువబడకుండ చేసి తన ఉత్తరమునే చదివించుకొనును. దీనికి విరుద్ధముగా, కోవిడునకు 2020లో వచ్చిన వార్తాహర ఆర్.ఎన్.ఏ. టీకాలు టోపీ పెట్టుకొనియే వచ్చినవి. అపరిచితమైన ఉత్తరమైనను శ్రీకారమున్నందున కణము దానిని తన ఉత్తరముగా భావించి చదివినది.

మరియొక సంగతి నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచినది. మెథియొనీనును మోసికొని వచ్చు ఆర్.ఎన్.ఏ.లు రెండు విధములు. ఒకటి ఆరంభమునకు మాత్రమే. రెండవది మధ్యలో వచ్చు ఎ-యు-జిలకు. మార్కర్, సాంగరు 1964లో బాక్టీరియాలలోని ఆరంభపు మెథియొనీను ప్రత్యేకమైనదని కనుగొన్నారు. నేపాలునుండి వెళ్లి అమెరికాలో ఖొరానాతో కలిసి పనిచేసిన ఉత్తమ రాజభండారి, అతని శిష్యుడై తరువాత బెంగుళూరిలోని భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేసిన ఉమేష్ వర్ష్నీ మొదలగువారు ఈ ఆరంభకుని లక్షణములను దీర్ఘకాలము పరిశోధించినారు. ఆరంభకుని కాండములో వరుసగా మూడు జి-సి జతలుండును. ఆ మూడు జతలే అతనికి ఆరంభస్థానమున కూర్చుండు అధికారమునిచ్చుచున్నవి. ప్రథమవాక్యమునకు ప్రత్యేకముగా ఒక లేఖకుని నియమించుకొన్న వ్యవస్థ ఇది! నేను ముప్పది యేండ్లలో ఏనాడును అంత జాగ్రత్త వహింపలేదు.

ఇంతకును ఆ మొదటి మెథియొనీను చాల ప్రోటీనులలో నిలుచునదియైనను కాదు. గొలుసు పెరుగుచుండగనే దానిని కోసివేయుదురు. మన రక్తములోని హీమోగ్లోబినునందు బీటా గొలుసు వాలీనుతో మొదలగును. దానికి ముందున్న మెథియొనీను తీసివేయబడినది. ప్రారంభించుటకు అది కావలెను. పూర్తియైన పిమ్మట దాని జాడయైనను ఉండదు.

ఇంతవరకు చదివి, నేను మరల భోపాలునుండి వచ్చిన కాగితము తీసినాను. ఈ మారు అది నాకు అర్థమైనది.

హీమోగ్లోబిను బీటా గొలుసునకు బిడ్డ వద్ద రెండు ప్రతులున్నవి. ఒకటి తండ్రినుండి, ఒకటి తల్లినుండి. తండ్రినుండి వచ్చిన ప్రతిలో, వార్తాహరిని కూర్చునప్పుడు అనవసర భాగములను తొలగించి అతుకు చోట ఒక్క అక్షరము మారినది. మన దేశములో తలసేమియాకు అన్నిటికంటె ఎక్కువగా కారణమగు మార్పు అదియే. తల్లినుండి వచ్చిన ప్రతిలో ఎ-యు-జి ఎ-సి-జి అయినది. అంతియే. తక్కిన పాఠమంతయు నిర్దుష్టముగా ఉన్నది. ప్రతి పదము సరియైనదే. చిన్న ఖండము టోపీయొద్ద దిగినది, తడవుకొనుచు వచ్చినది, నిలువవలసిన చోట గుర్తు కానరాక ముందునకు సాగిపోయినది. తరువాత దానికి ఎదురగు ఎ-యు-జి తప్పు చట్రములోనిది. అచ్చట మొదలుపెట్టినచో పుట్టునది హీమోగ్లోబిను కాదు. పూర్తియైన ప్రోటీనులో మిగులని ఒక మెథియొనీను కొరకు, అదియు ఒక్క అక్షరము కొరకు, మొత్తము గ్రంథము చదువబడకుండ పోయినది.

రెండు ప్రతులలో ఒకటి సరిగా ఉన్నను మనిషి ఆరోగ్యముగానే ఉండును. మన దేశమున నూటికి ముగ్గురు నలుగురు ఇట్లు తమకు తెలియకయే ఒక చెడిన ప్రతిని మోయుచున్నవారే. ఇట్టివారు ఇద్దరు దంపతులైనప్పుడు, ప్రతి కాన్పునందును రెండు చెడిన ప్రతులును బిడ్డకే చేరు అవకాశము నాలుగింట ఒకటి.

నేను చేసిన పనియు ఇట్టిదే అని అప్పుడు తోచినది. నా పుటలోని వాక్యములన్నియు సరియైనవే. ఆరంభము మాత్రము తప్పు చోట పడినది. తల్లి వైపు అను మాటతోను, దోష్ అను మాటతోను నేను మొదలుపెట్టినాను. ఆ చట్రములో చదివినవారికి రెండవ వాక్యమును మూడవ వాక్యమును అర్థము లేని అక్షరములైనవి. "రోకో మత్ జానే దో" అను మాటలో విరామము ఎచ్చట పెట్టుదుమో దానిని బట్టి, ఆపవద్దు పోనిమ్మనియు కావచ్చును, ఆపు పోనీయవద్దనియు కావచ్చును అని హిందీ విద్యార్థులకు ఎన్నోసారులు చెప్పినవాడను నేను. నా ఇంటి బిడ్డ విషయములో నాకే అది గుర్తు రాలేదు.

2019 జనవరిలో భోపాలు వెళ్లినాను. బయట చలి, వరండాలో ఎండ. వియ్యపురాలు నాకు టీ తెచ్చి ఇచ్చి, మర్యాదగానే, ఎదుట కూర్చున్నది. పాప ఆమె ఒడిలోనే ఉన్నది. అంతకు రెండు రోజుల ముందే రక్తమెక్కించినందున బుగ్గలలో రంగు కనబడుచున్నది. నేను వ్రాసిన పాత కాగితమును అడిగి తీసికొని, మడిచి జేబులో పెట్టుకొన్నాను. నోటితో మరల మొదలుపెట్టినాను. "బహన్‌జీ, ఈ పాపకు రక్తము తయారుచేయు విధానమును తెలుపు పుటలు రెండు వచ్చినవి. ఒకటి మీ ఇంటినుండి, ఒకటి మా ఇంటినుండి. రెండింటిలోను ఒక్కొక్క అక్షరము చెరిగియున్నది."

ఆమె శ్రద్ధగా విన్నది. విని, నేను భయపడిన ప్రశ్ననే అడిగినది.

"తో దోష్ కిస్‌కా హుఆ, భాయీసాహబ్?"

"కిసీ కా నహీఁ," అన్నాను. ఎవరిదియు కాదు; ప్రతి నకలు తీయుటలో ఎప్పుడో, ఎన్ని తరములకు ముందో, ఒక అక్షరము జారినది; దానిని ఎవరును బుద్ధిపూర్వకముగా మార్చలేదు.

ఆమె కొంతసేపు పాప వ్రేళ్లతో ఆడుచుండినది. తరువాత తల యెత్తకయే అడిగినది: మా అబ్బాయికి అది నావలననే వచ్చియుండునా?

"మీవలన కావచ్చును, బావగారివలన కావచ్చును."

"ముఝే తో కభీ కుఛ్ నహీఁ హుఆ." నాకెన్నడును ఏమియు కాలేదే అని.

"బహూ కో భీ తో కుఛ్ నహీఁ హుఆ థా, బహన్‌జీ." మీ కోడలికిని ఏమియు కాలేదు గదా అని నేను.

ఆమె మరేమియు అనలేదు. టీ చల్లారినదని చెప్పి నా చేతినుండి గ్లాసు తీసికొని లోపలికి వెళ్లినది. వేడిచేసి తెచ్చునప్పటికి చాల ఆలస్యమైనది. నేను తొందరపెట్టలేదు.

ఆ తరువాత అన్నియు ఒక్కసారి చక్కబడినవని వ్రాసినచో అసత్యమగును. మూడు నాలుగు వారములకొకసారి రక్తమెక్కించుట, రక్తముతో చేరిన ఇనుమును బయటికి పంపు మందులు, సూదికి భయపడు పిల్లను బుజ్జగించుట, ఇవన్నియు నేటికిని సాగుచున్నవి. పాప బడికి పోవుచున్నది. ఆసుపత్రికి తల్లితో పాటు నానమ్మయు వెంట వెళ్లుట మాత్రము ఆ సంవత్సరమునుండియే ఆరంభమైనది.

2021లో అమ్మాయి మరల గర్భవతియైనది. పదకొండవ వారమున పిండమునకు పరీక్ష చేయించినారు. ఫలితము వచ్చువరకు ఆ ఇంట ఎవరును దానిని గూర్చి పలుకలేదట. ఒక సాయంకాలము నాకు ఫోను వచ్చినది. మాటలాడినది అమ్మాయి కాదు, వియ్యపురాలు.

"భాయీసాహబ్, కాగజ్ ఆ గయా హై. అంగ్రేజీ మే హై." కాగితము వచ్చినది, ఇంగ్లీషులో ఉన్నది. ఫొటో మీకు పంపినాము. చదివి చెప్పండి. అని, ఒక్క క్షణమాగి, "పహలే బహూ కో బతాఇఏ," అన్నది. ముందు కోడలికి చెప్పండి.

ఫోను అమ్మాయి చేతికి మారుచుండగా నేను ఆ కాగితము మొదటినుండి చివరివరకు చదివినాను. మరల చదివినాను. బిడ్డకు తండ్రినుండి సరియైన ప్రతి వచ్చినదనియు, తల్లినుండి మాత్రము ఆ పాత అక్షరలోపము గల ప్రతియే వచ్చినదనియు, వాహకమే గాని వ్యాధి లేదనియు అందున్నది. కాగితము తల్లినుండి వచ్చినదానితోనే మొదలైనది.

"మామయ్యా," అన్నది అమ్మాయి.

"ఈ బిడ్డకు రక్తం ఎక్కించే అవసరం రాదు, తల్లీ," అన్నాను. తక్కినదంతయు ఆ తరువాత చెప్పినాను.